ఎదురుచూపుల కథ: ‘యుగానికి ఒక్కడు’ తరఫున ఒక వాదన

సెల్వరాఘవన్ దర్శకత్వం వహించిన తమిళ చిత్రం ‘ఆయిరత్తిల్ ఒరువన్’ 2010 జనవరి 14న, పొంగల్ నాడు విడుదలైంది. కొద్ది వారాలకే, ఫిబ్రవరిలో, ‘యుగానికి ఒక్కడు’ పేరుతో తెలుగులోకి వచ్చింది. కార్తికి కథానాయకుడిగా ఇది రెండో సినిమా. ‘చిత్రం’, ‘మనసంతా నువ్వే’ సినిమాలతో తెలుగువారికి దగ్గరైన రీమాసేన్ ఇందులో కరుడుగట్టిన అధికారిణి అనితగా కనిపిస్తుంది. ఆండ్రియా పురావస్తు శాస్త్రజ్ఞుడి కూతురు లావణ్య. పార్తిబన్ చోళరాజు. జి.వి.ప్రకాశ్‌కుమార్ సంగీతం, రాంజీ ఛాయాగ్రహణం, కోలా భాస్కర్ కూర్పు.

కథ 1279లో మొదలవుతుంది. పాండ్యుల చేతిలో ఓడిన చోళులు తమ వంశాంకురాన్ని, మిగిలిన కొద్దిమంది జనాన్ని రహస్య ప్రాంతానికి పంపేస్తారు. పాండ్యులు పూజించే విగ్రహాన్ని కూడా తీసుకుపోతారు. శతాబ్దాలు గడిచాక, వారి జాడ వెతుకుతూ వెళ్ళిన పురావస్తు శాస్త్రజ్ఞుడు తప్పిపోతాడు. అతన్ని వెతకడానికి అనిత నాయకత్వంలో ఒక బృందం వియత్నాం దగ్గరి దీవికి బయల్దేరుతుంది. సామాను మోసే కూలీల ముఠాకు పెద్ద ముత్తు (కార్తి). చోళులు దారిలో పన్నిన ఏడు ఉచ్చులు దాటి, అనిత, లావణ్య, ముత్తు మిగిలి, చివరకు ఆకలితో మాడుతున్న ఒక జనపదాన్ని చేరతారు. ఆ జనం, వారి రాజు, తమను సొంత నేలకు తీసుకుపోయే దూత కోసం తరతరాలుగా ఎదురుచూస్తున్నారు. ఆ దూతను తానేనని అనిత నమ్మిస్తుంది. ఆమె పాండ్య వంశపు మనిషి. ఆధునిక ఆయుధాలతో సైన్యం దిగుతుంది, చోళులు నాశనమవుతారు. ముత్తు చోళ యువరాజును మాత్రం ఎత్తుకుని బయటపడతాడు.

ఈ సినిమాకు తమిళనాడులో తొలినాళ్ళలో దక్కిన తీర్పు అంత గౌరవమైనది కాదు. సాహసాన్ని, నటనను మెచ్చుకున్నవారు కూడా సినిమా దారి తప్పిందన్నారు. తెలుగులో పరిస్థితి కొంత వేరు. ఇక్కడ సినిమా బాగానే ఆడింది. 2025 మార్చిలో తెలుగు రాష్ట్రాల్లో మళ్ళీ విడుదలైంది కూడా. ఒకే సినిమా రెండు భాషల్లో రెండు రకాల ఆదరణ పొందినప్పుడు, తప్పు సినిమాదా, చూపుదా అనే ప్రశ్న సహజంగానే వస్తుంది.

అభియోగాలు

విమర్శకుల అభియోగాలను ఒకచోట చేర్చితే ప్రధానంగా అయిదు తేలతాయి. మొదటిది, ఇది ఒక సినిమా కాదు, రెండు సినిమాల అతుకు. మొదటి సగం నిధి వేట లాంటి సాహసగాథ, రెండో సగం ఒక జాతి చావు. రెండోది, రెండో సగంలో పాత్రలు మాట్లాడే ప్రాచీన తమిళం ప్రేక్షకుడికి అందదు. మూడోది, హింస మితిమీరింది. నాలుగోది, హీరో హీరోలా ప్రవర్తించడు. మొదట్లో అల్లరి చిల్లరగా తిరుగుతాడు, చివర్లో ఎవరినీ కాపాడలేడు. అయిదోది, తర్కం లోపించింది, గ్రాఫిక్స్ పేలవంగా ఉన్నాయి.

ఈ అయిదూ ఒక జాతివి కావు. గ్రాఫిక్స్ పేలవంగా ఉన్నాయన్నది పనితనం మీద ఫిర్యాదు. రెండు సినిమాల అతుకు అన్నది నిర్మాణం మీద ఫిర్యాదు. హీరో గెలవలేదన్నది నిజానికి ఫిర్యాదే కాదు, తీరని కోరిక. సమర్థించదలచినవారు ముందుగా వీటిని విడదీయాలి. పనితనపు లోపాన్ని ఒప్పుకోవాలి. నిర్మాణం మీది ఆరోపణకు జవాబు చెప్పాలి. తీరని కోరికను కోరిక అని గుర్తించి పక్కన పెట్టాలి. మూడింటినీ కలగలిపి ఎదుర్కొంటే వాదన అభిమానుల గొడవగా దిగజారుతుంది.

చెల్లని సమర్థనలు

ఆదరణ దక్కని సినిమాను వెనకేసుకొచ్చేవారు సాధారణంగా మూడు మాటలు చెబుతారు. కాలానికి ముందు వచ్చింది, జనానికి అర్థం కాలేదు, డబ్బులు మాత్రం బాగానే వచ్చాయి. మూడూ బలహీనమైనవే.

కాలానికి ముందు వచ్చిందనడం వల్ల సినిమా గురించి ఏమీ తెలియదు. ‘బాహుబలి’, ‘పొన్నియిన్ సెల్వన్’ వచ్చాక రాజుల కథలకు గిరాకీ పెరిగిన మాట నిజం. అంత మాత్రాన వాటికి ముందు వచ్చిన ప్రతి రాజుల కథా గొప్పది కాదు. జనానికి అర్థం కాలేదనడం ప్రేక్షకుడి మీద నింద. సినిమాలో ఏముందో చూపించాల్సిన బాధ్యత వాదించేవారిదే. చూపించలేనప్పుడు ఎదుటివారి బుద్ధిని తక్కువ చేయడం సులువైన దారి అవుతుంది.

ఇక డబ్బు లెక్క. ఈ సినిమా విషయంలో అది ఎంత తప్పుదారి పట్టించిందో దర్శకుడే 2021లో బయటపెట్టాడు. సినిమాకు అయిన అసలు ఖర్చు 18 కోట్లు. భారీ చిత్రమన్న పేరు కోసం 32 కోట్లు అని ప్రకటించారు. సినిమా అసలు ఖర్చు రాబట్టినా, ప్రకటించిన అంకెతో పోల్చేసరికి అంతంత మాత్రంగా ఆడిందన్న ముద్ర పడింది. వసూళ్లను బట్టి తీర్పు చెప్పినవారు లేని అంకెను కొలబద్దగా పెట్టుకున్నారు. విఫలమైందన్నవారి వాదనకు దీంతో పునాది పోయింది. అదే సమయంలో, నిజానికి విజయమే కనుక మంచి సినిమా అనే వాదన కూడా నిలవదు. వసూలు సినిమా విలువను ఎటూ తేల్చదు.

అంగిరసం ఏది

అభియోగాల్లో బలమైనది మొదటిదే. రెండు సినిమాల అతుకు అన్నమాట నిజమైతే మిగతావాటికి జవాబు చెప్పి ప్రయోజనం లేదు.

ఈ ప్రశ్నను భారతీయ కావ్యశాస్త్రం చాలా ముందే అడిగింది. ఒక కృతిలో ఎన్ని రసాలైనా ఉండవచ్చు, వాటిలో ఒకటి అంగి, అంటే ప్రధానం, కావాలి, మిగతావి దానికి అంగాలు కావాలి. ఏది అంగియో ఎలా తేల్చాలి? ఎక్కువ పుటలు ఆక్రమించినదా? ‘ధ్వన్యాలోకం’లో ఆనందవర్ధనుడు మహాభారతాన్ని ఉదాహరణగా తీసుకున్నాడు. ఆ ఇతిహాసం నిండా యుద్ధమూ వీరమూ ఉన్నా, దాని అంగిరసం శాంతమని తేల్చాడు. గెలిచినవారూ ఓడినవారూ చేరుకున్న నిస్సారమైన ముగింపే అందుకు ఆధారం. పరిమాణాన్ని బట్టి కాక, కృతి చివరికి ఎటు చేర్చిందన్న దాన్ని బట్టి రసనిర్ణయం జరగాలన్నది ఇందులోని సూత్రం.

ఈ సూత్రంతో చూస్తే ‘యుగానికి ఒక్కడు’లో అద్భుతం అంగం, కరుణ అంగి. మొదటి సగంలోని సముద్ర జీవులు, నరభక్షకులు, పాములు, ఆకలి, ఊబి, నటరాజ విగ్రహం ఇసుకపై పరిచిన నీడ మీదుగానే నడిచి ప్రాణాలు దక్కించుకునే ఘట్టం, ఇవన్నీ అద్భుత రసానికి చెందినవి. వాటిని చివరి వరకూ నడిపించి నిధి దొరికిందని ముగిస్తే మంచి సాహస చిత్రం తయారయ్యేది. దర్శకుడు ఆ పని చేయలేదు. ఉచ్చులు పన్నినవారు ఎవరో, ఎందుకు పన్నారో, వాటి వెనుక ఎలా బతుకుతున్నారో చూపించాడు. అక్కడి నుంచి ఆ ఉచ్చుల అర్థమే మారిపోతుంది. అవి నిధికి కాపలా కావు, భయపడ్డ జనం కట్టుకున్న గోడ.

దీనికి సినిమాలోనే సాక్ష్యం ఉంది. మొట్టమొదటి ఘట్టంలో ఒక రాజ్యం కూలిపోతూ తన బిడ్డను ఇతరుల చేతికి అప్పగిస్తుంది. ఆఖరి ఘట్టంలో మళ్ళీ ఒక రాజ్యం కూలిపోతూ తన బిడ్డను ముత్తు చేతికి అప్పగిస్తుంది. ఏడు ఉచ్చుల ప్రయాణం ఈ రెండు అప్పగింతల నడుమ జరుగుతుంది. అతుకు అనిపించేది నిజానికి ఎత్తుగడలోనే మొదలైన ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన జవాబు. ఆలస్యం ఎక్కువైంది అనవచ్చు. సంబంధం లేదనడానికి మాత్రం వీలులేదు.

ప్రాచీన తమిళం మీది అభియోగానికి కూడా జవాబు ఇక్కడే దొరుకుతుంది. ఏడు శతాబ్దాలు బయటి లోకం సోకని జనం ఈనాటి మాట మాట్లాడితే అనౌచిత్యం. ముత్తుకు, లావణ్యకు వారి మాట పరాయిగా వినిపించాలి, ప్రేక్షకుడికి కూడా. పార్తిబన్ ముఖంలో, అడుగులో, ఆ రాజు పిచ్చికీ పరాక్రమానికీ మధ్య ఊగిసలాడే తీరులో మాటకు మించిన అర్థం దొరుకుతుంది. తమిళ ప్రాచీన భాషతో ఎలాంటి అనుబంధమూ లేని తెలుగు ప్రేక్షకుడు కూడా ఆ భాగాన్ని అనుసరించగలిగాడంటే, భాషే అడ్డు అన్న వాదన బలహీనపడుతుంది.

పడమటి ప్రకాశం నుంచి

తమిళనాడులో ఈ సినిమా వెంట రెండు బరువులు వచ్చాయి. ఒకటి, చోళుల చరిత్ర మీద ఉండే గర్వం. రెండోది, శ్రీలంకలో 2009 మేలో ముగిసిన యుద్ధం. తమిళుల మీద సైన్యం సాగించిన దారుణాలు అప్పటికి పచ్చిగాయం. సినిమా చివరి భాగాన్ని చాలామంది ఆ గాయంతో కలిపే చూశారు. ఆ పఠనం న్యాయమైనదే. అయితే అది ఒక్కటే పఠనం కాదు. ఆ సందర్భం లేని చోట సినిమా ఏం మిగులుస్తుందన్నది దాని బలానికి మంచి పరీక్ష.

ఆ పరీక్షకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతం తగిన చోటు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడే వరకూ ఈ తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. పడమట నల్లమల, నడుమ గుండ్లకమ్మ, కంది, పత్తి, మిరప, పొగాకు పండే మెట్ట భూములు. విజయనగర కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, కొండల నడుమ కట్టిన కంభం చెరువు ఈ నేలలో పాత రాజ్యాలు మిగిల్చిన పెద్ద గుర్తు. దాన్ని గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. వర్షం మొహం చాటేస్తే బోర్లు ఎండిపోతాయి. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరుసకడతాయి. చాలా ఊళ్ళలో భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. పని కోసం గుంటూరు వైపు మిరప కోతలకు, హైదరాబాదు, బెంగళూరు భవన నిర్మాణాలకు కుటుంబాలు వలస పోతాయి. దేశమంతటా పిల్లలకు పలకలు పంపిన మార్కాపురం, నోటు పుస్తకాలు వచ్చాక ఆ గిరాకీ తగ్గిపోవడం చూసింది.

ఇక్కడి నిరీక్షణకు ఒక పేరుంది, వెలిగొండ. కమ్యూనిస్టు నాయకుడు పూల సుబ్బయ్య పేరు పెట్టిన ఈ ప్రాజెక్టు, శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని నల్లమల కొండల కింద సొరంగాల ద్వారా తీసుకురావడానికి ఉద్దేశించినది. ఒక్కో సొరంగం పొడవు సుమారు 18.8 కిలోమీటర్లు. సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల దగ్గర కొండల మధ్య ఖాళీలను మూసి నల్లమలసాగర్ జలాశయం ఏర్పాటు చేయాలి. ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, కడప జిల్లాల్లో 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, సుమారు 15 లక్షల మందికి తాగునీరు లక్ష్యం. 1996లో ఒకసారి శంకుస్థాపన జరిగింది, 2004లో పనులకు మరోసారి శ్రీకారం చుట్టారు. 2024 మార్చిలో జంట సొరంగాలను జాతికి అంకితం చేశారు. ఆనాటికీ ముంపు గ్రామాల పునరావాసం, కాలువల పని మిగిలే ఉన్నాయి. 1996లో పలక పట్టిన పిల్లలు 2024 నాటికి తమ పిల్లల్ని బడికి పంపే వయసుకు వచ్చారు.

ఇలాంటి చోట పెరిగినవారికి సినిమా రెండో సగం వివరణ అడగదు. మాట ఇచ్చి వెళ్ళినవారి కోసం ఎదురుచూసే ఊరు, తిండికీ నీటికీ కొట్లాట, పూర్వీకుల ప్రాభవాన్ని తలచుకుంటూ నేటి లేమిని ఓర్చుకోవడం, వచ్చే ప్రతి కొత్త మనిషిలోనూ ఆ ఒక్కడిని వెతుక్కోవడం, ఇవి కల్పితంగా అనిపించవు. చోళ రాజు తల్లినేల కోసం పాడే విలాపంలో తమిళ చరిత్ర తెలియని చెవికి కూడా సొంత ఊరు విడిచిన వలస కూలీ గొంతు వినిపించే వీలుంది.

చరిత్ర కూడా తెలుగు ప్రేక్షకుడిని ఈ కథకు పూర్తిగా బయట నిలబెట్టదు. 1070లో చోళ సింహాసనమెక్కిన కులోత్తుంగుడు రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడి కుమారుడు, తల్లి వైపు రాజేంద్ర చోళుడి మనుమడు. 1279తో తెరమరుగైన మూడో రాజేంద్రుడి వరకూ సాగింది ఈ చాళుక్య చోళ పరంపరే. సినిమాలో తంజావూరు కోసం తపించే రాజు పూర్వీకుల్లో గోదావరి ఒడ్డు వారూ ఉన్నారన్నమాట. ఏ జాతి గర్వమైనా కొంచెం లోతుకు తవ్వితే పక్కవాడి బంధుత్వం బయటపడుతుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కరువు నేల నుంచి చూస్తే సినిమా కదిలిస్తుందన్నది అది గొప్పదని రుజువు చేయదు. సొంత బాధను గుర్తుచేసే చవక దృశ్యం కూడా కన్నీళ్ళు పెట్టించగలదు. కాబట్టి సినిమా ఎదురుచూపును చూపించిందా అని కాక, దాని గురించి ఏం తెలుసుకుందని అడగాలి.

ఎదురుచూపు గురించి సినిమా చెప్పేది

మొదటిది, ఎదురుచూపు మనిషిని పునీతుణ్ణి చేయదు. ఆ చోళ జనం మంచివారేమీ కాదు. చావు ఆటలు ఆడించి చూస్తారు, బందీలను హింసిస్తారు, తిండి కోసం ఒకరినొకరు తోసుకుంటారు. రాజు క్రూరుడు, అదే ఊపిరిలో దయామయుడు. ఎవరి పక్షాన నిలబడాలో సినిమా చెప్పలేదని విమర్శకులు విసుక్కున్నది ఇందుకే. శతాబ్దాల ఆకలి తర్వాత కూడా సాత్వికంగా, అందంగా కనిపించే బాధితులను చూపడమే అబద్ధం అయ్యేది. బాధితులు ఉత్తములైతేనే జాలిపడతానంటే ఆ జాలిలో లోపముంది. సినిమా ప్రేక్షకుడికి ఆ సుఖం ఇవ్వలేదు.

రెండోది, ఎదురుచూసేవారిని మోసగించడం తేలిక. అనిత కత్తితో గెలవలేదు. వారు ఎవరి కోసం చూస్తున్నారో తెలుసుకుని ఆ వేషంలో వచ్చింది. ఆశ ఎంత బలంగా ఉంటే పరీక్షించి చూసే ఓపిక అంత తగ్గుతుంది. ప్రతి ఎన్నికలకూ నీళ్ళ మాట వినే ప్రాంతాలకు ఇది కొత్త పాఠం కాదు. అయినా తెలుగు, తమిళ సినిమాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. ఎదురుచూసే జనం అమాయకులు కాబట్టి మోసపోయారని చెప్పడం సులువు. ఈ సినిమాలో వారు లేఖనాలు చదివిన జనం, ఆనవాళ్ళు పరిశీలించే జనం. అయినా మోసపోయారు. ఆశకు చదువు అడ్డు రాదు.

మూడోది, నిజంగా వచ్చినవాడు కూడా అందరినీ కాపాడలేడు. ఇక్కడే అదే సంవత్సరం, 2010 అక్టోబరులో వచ్చిన ‘ఖలేజా’ను పక్కన పెట్టి చూడాలి. త్రివిక్రమ్ తీసిన ఆ సినిమాలోనూ అంతుపట్టని జబ్బుతో చచ్చిపోతున్న ఒక ఊరు దేవుడి కోసం ఎదురుచూస్తుంది. అక్కడా వచ్చేది దేవుడు కాదు, టాక్సీ డ్రైవరు. ఆ సినిమా కూడా విడుదలైనప్పుడు ఆడలేదు, తర్వాత టీవీలో చూసినవారే దాన్ని తమది చేసుకున్నారు. తేడా ముగింపులో ఉంది. ‘ఖలేజా’లో ఊరు బతుకుతుంది. ‘యుగానికి ఒక్కడు’లో ఊరు పోతుంది, ఒక్క బిడ్డ మిగులుతాడు. మొదటిది ఆశ ఫలిస్తుందని ఊరట ఇస్తుంది. రెండోది ఆశ ఫలించినా ఆలస్యమైతే ఎంత పోతుందో లెక్క చెబుతుంది. కథగా ఊరట హాయినిస్తుంది, లెక్క ఇబ్బంది పెడుతుంది. ఇబ్బంది పెట్టింది గనుక బాగాలేదనడం విమర్శ కాదు.

హీరో మీది అభియోగానికీ ఇదే జవాబు. ముత్తు ముఠా మేస్త్రి. సామాను మోయడానికి వచ్చాడు, యుద్ధం చేయడానికి కాదు. మొదటి సగంలో ఆపద వచ్చిన ప్రతిసారీ ముందు పోయేవి కూలీల ప్రాణాలే. యాత్ర నడిపేవారికి అవి లెక్కలోకి రావు. అలాంటి మనిషి ఒక వంశాన్ని నిలిపే దూత కావడంలో ఒక ఆలోచన ఉంది. మోయడం తెలిసినవాడు చివరకు మోయాల్సినదాన్నే మోశాడు. అతను సైన్యాన్ని ఊచకోత కోసి ఉంటే ఈలలు పడేవి, సినిమా మాత్రం తన మాటను తానే కొట్టిపారేసినట్టయ్యేది. తొలి భాగంలో అతని అల్లరి మోతాదు మించిన మాట నిజమే. ఆ అల్లరి మనిషికీ చివరి మనిషికీ మధ్య దూరాన్ని కార్తి నటన నమ్మించింది.

హింస మాటకు వస్తే, కొలత ఒక్కటే. అది ఎవరి కళ్ళతో చూపించారు? చావు ఆటల్లో రాళ్ళకు నలిగే మనుషులను చూపినప్పుడు బీభత్సం కలుగుతుంది, ఆ బీభత్సం చోళుల పతనాన్ని చెబుతుంది. సైన్యం దిగాక జరిగే హింసలో వినోదం లేదు, గెలిచినవారి వైపు నుంచి కెమెరా సంబరపడదు. ఈ రెండూ కరుణ రసానికి అంగాలే. తెలుగు, తమిళ సినిమాల్లో హీరో పదిమందిని నరికితే చప్పట్లు కొట్టే అలవాటున్నవారు, ఇక్కడి హింస ఎక్కువైందనడం ఆలోచించదగ్గ విషయం. హింస మోతాదు కాదు వారిని కలవరపెట్టింది, అది ఎవరికీ గెలుపు ఇవ్వకపోవడం.

మిగిలే లోపాలు

ఇంత చెప్పాక కూడా కొన్ని అభియోగాలు అలాగే ఉంటాయి. గ్రాఫిక్స్ ఆనాటి ప్రమాణాలకే బలహీనం. ఉచ్చుల వరుసలో కొన్ని కథకు అవసరమై రాలేదు, ఏడు అంకె పూర్తి చేయడానికి వచ్చాయి. నరభక్షకుల ఘట్టం అడవి జనాల గురించి పాత సాహస చిత్రాల్లోని మూస అభిప్రాయాన్నే అరువు తెచ్చుకుంది. నల్లమలలో చెంచులు బతికే ప్రాంతపు ప్రేక్షకుడికి అది మరింత ఎబ్బెట్టుగా తోచాలి. నాగరికతకు దూరమైన చోళులకు లోతైన లోపలి బతుకు ఇచ్చిన దర్శకుడు, వారి దారిలో తారసపడిన వనవాసులకు ఆ గౌరవం ఇవ్వలేదు. అనిత, లావణ్య పాత్రలను ముత్తు చుట్టూ తిప్పిన శృంగార హాస్యం కథను మెట్టు దించింది. ఆకలితో ఉన్న జనాన్ని చూపడానికి ముఖాలకు నలుపు పూయడం నటుల శ్రమను కప్పేసింది.

ఈ లోపాలను సుగుణాలుగా మార్చి చెప్పడం సమర్థన కాదు. కొన్ని లోపాలు ఆశయం పెద్దదవడం వల్ల వస్తాయి. తక్కువ డబ్బుతో శతాబ్దాల కథ చెప్పబోతే గ్రాఫిక్స్ కుంటుతాయి, రెండు రసాలను కలపబోతే నడుమ కుదుపు వస్తుంది. మరికొన్ని ఆలోచించకపోవడం వల్ల వస్తాయి. వనవాసుల చిత్రణ, చవక హాస్యం అలాంటివి. మొదటి రకాన్ని క్షమించవచ్చు, రెండో రకాన్ని వేలెత్తి చూపాల్సిందే. తొలి సమీక్షల్లో చాలావరకు మొదటి రకాన్ని గట్టిగా నిలదీసి, రెండో రకాన్ని మామూలు విషయంగా వదిలేశాయి. అసలు తిరకాసు అక్కడుంది.

తీర్పు, కాలం

విడుదల రోజు సమీక్ష ఒక అవసరం తీరుస్తుంది. టికెట్టు కొనాలా వద్దా అని తేల్చుకునేవారికి ఉపయోగపడుతుంది. అందుకే అది సినిమాను దాని ప్రకటనలతో, పండుగ వాతావరణంతో, ఆ వారం వచ్చిన ఇతర సినిమాలతో పోల్చి కొలుస్తుంది. సాహస చిత్రమని ప్రచారం చేసి కరుణ చూపిస్తే, ప్రచారాన్ని నమ్మి వచ్చినవాడికి కోపం రావడం సహజం. ఆ కోపాన్ని నమోదు చేయడం సమీక్షకుడి ధర్మమే. దాన్ని సినిమా స్వభావంగా రాయడం పొరపాటు.

డబ్బింగ్ చిత్రంగా చిన్న పట్టణాల థియేటర్లకు చేరినప్పుడు ఈ సినిమాకు ఆ ప్రచారపు బరువు తగ్గింది. కార్తి అప్పటికి తెలుగులో పెద్ద పేరు కాదు. చోళ గర్వం తమ సొంతమన్న పట్టింపు లేదు. జనం పోస్టరు చూసి వచ్చారు, చూసినవారు చెప్పిన మాట విని వచ్చారు. అంచనా తక్కువైన చోట సినిమా తన మాటను తాను చెప్పుకోగలిగింది. తెలుగు ప్రేక్షకుడు తమిళ ప్రేక్షకుడి కన్నా మెరుగైన రసికుడని దీనికి అర్థం కాదు. దూరం కొన్నిసార్లు చూపును శుభ్రం చేస్తుంది, దగ్గరితనం కొన్నిసార్లు అర్థాన్ని లోతు చేస్తుంది. శ్రీలంక యుద్ధం తెలిసినవారు ఈ సినిమాలో చూసిన లోతు తెలుగువారికి పూర్తిగా అందకపోవచ్చు. రెండు చూపులూ కలిస్తేనే సినిమా నిండుగా కనబడుతుంది.

మొత్తం మీద ‘యుగానికి ఒక్కడు’ దోషరహితమైన చిత్రం కాదు, దాని మీద పడిన ప్రధాన దోషం మాత్రం దానిది కాదు. ఎత్తుగడకూ ముగింపుకూ పొందిక ఉంది, ఆ పొందిక కరుణది. తరతరాలుగా ఇచ్చిన మాటను నమ్మి బతికిన జనానికి ఏమవుతుంది అనే ప్రశ్నను అది నిజాయితీగా అడిగింది, సుఖమైన జవాబు చెప్పలేదు. సముద్ర తీరాన తమిళుడు, నల్లమల వాలులో నీటి కోసం చూసే రైతు వేరువేరు కారణాలతో ఆ ప్రశ్నను సొంతం చేసుకోగలిగితే, సినిమా తన పని చేసినట్టే. దాని గ్రాఫిక్స్‌ను, మూస చిత్రణను తప్పుపట్టేవారి పక్షాన న్యాయముంది. రెండు సినిమాల అతుకు అని కొట్టిపారేసినవారి పక్షాన లేదు.